షెడ్డులో ఓడరేవు: మునిగిన బార్జిని లేపే పని

జూన్, మొదటి వారం

హైదరాబాద్ నగరం చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలకు పనిచేసే మాడళ్లు తయారు చేసి ఇవ్వడం మా వృత్తి. బాలానగర్‌లో రేకుల షెడ్డు, రెండు వెల్డింగ్ మెషీన్లు, ఒక లేత్ ఉన్నాయి. ఇంతవరకు టర్బైన్లు, గేర్‌బాక్సులు, ఆనకట్ట గేట్లు చేశాం. ఈసారి వచ్చిన ఆర్డరు వేరు. ఓడరేవులోకి ఓడలు వచ్చిపోయే లోతు కాలువలో ఒక బార్జి, అంటే సరుకు మోసే చదును అడుగు పడవ, మునిగి అడ్డం పడింది. దాన్ని ఎలా తొలగిస్తారో విద్యార్థులు తమ చేతులతో చేసి చూసే ట్యాంకు కావాలి. సముద్రం చూడాలంటే రాత్రి రైలు ఎక్కాల్సిన ఊళ్లో ఓడరేవు కట్టమన్నారన్నమాట.

ఒప్పుకోవడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు మించిన వరద వచ్చినప్పుడు, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఇనుప పడవలు విజయవాడలో ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర ఇరుక్కుపోయాయి. ఒక్కొక్కటీ పదుల టన్నుల బరువు. పెద్ద క్రేన్లు తెచ్చి లాగితే కదలలేదు. డైవర్లు దిగి నీటి అడుగున కోయడం మొదలుపెట్టినా పని సాగలేదు. చివరికి రెండు పడవలను జోడించి, వాటి మీద ఇనుప గడ్డర్లు పరిచి, మునిగిన పడవను గొలుసులతో వాటికి బిగించి నీటి చేతనే పైకి లేపించారు. రోజూ టీవీలో చూస్తూ, క్రేను చేయలేనిది నీళ్లు ఎలా చేశాయో ఒకసారి చేసి చూడాలని అప్పుడే అనుకున్నాను.

పనిలో మేం నలుగురం. నేను, మా వెల్డరు, సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న మా అక్క కొడుకు. నాలుగో వ్యక్తి మా ఇంటి పై వాటాలో ఉండే పెద్దాయన. విశాఖ రేవులో సరంగుగా, అంటే పడవ సిబ్బందికి పెద్దగా, పనిచేసి రిటైరై, కూతురి దగ్గర ఉంటున్నారు. నాకు బాబాయి గారు, మా వాడికి తాతగారు. ఆయన జీతం అడగలేదు. మధ్యాహ్నం రెండింటికి టీ, నాలుగింటికి మరో టీ అన్నారు.

జూన్, మూడో వారం

స్కేలు 1:50 అని తేల్చాం. నిజంలో 50 మీటర్ల బార్జి ఇక్కడ ఒక మీటరు. 15 మీటర్ల లోతు కాలువ 30 సెంటీమీటర్లు. కాలువకు ఇరుపక్కల తక్కువ లోతు నేల 16 సెంటీమీటర్లు. వెడల్పు విషయంలో మాత్రం నిష్పత్తిని వదిలేశాం. అసలు కాలువలు వంద మీటర్లు దాటి ఉంటాయి, మా షెడ్డు గోడలు అందుకు ఒప్పుకోవు.

ట్యాంకు మూడు మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు. ఇనుప యాంగిల్ చట్రం, మూడు వైపులా రేకు, ఒక వైపు మందపాటి టఫెన్డ్ గాజు. ఇసుక, బురద, నీళ్లు కలిపితే బరువు రెండు టన్నులు దాటుతుంది. మేడ మీద పెట్టుకుందామన్న మావాడి ఆలోచన ఈ లెక్కతోనే ఆగిపోయింది.

"ఉప్పు కలపాలి కదా మామయ్యా, సముద్రం కాబట్టి?" అన్నాడు. సముద్రపు నీరు మంచినీటి కన్నా రెండున్నర శాతం బరువు. మా స్ప్రింగ్ త్రాసు తప్పే అంతకంటే ఎక్కువ. పైగా రేకు తుప్పు పడుతుంది. వద్దన్నాను. తేలే శక్తి లెక్క దగ్గర ఘనమీటరుకు 1,025 కిలోలని ఒక కార్డు రాసి అతికిస్తే చాలు.

నీళ్లు పోసిన రోజు గాజు మూల నుంచి కారింది. సిలికాన్ గీకేసి మళ్లీ పూశాం. ఇది రాయడానికి పెద్ద విషయం కాదు గానీ, అది ఆరేదాకా పని ఆగడంతో బాబాయి గారు విశాఖ రేవు ఎలా పుట్టిందో చెప్పారు. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారి ఆ లోపలి రేవులోకి వచ్చింది. దానికి ముందు, దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక కాలువను పూడ్చేయకుండా, అలల తాకిడి తగ్గేలా, రెండు పాత ఓడలను కావాలనే ముఖద్వారం పక్కన ముంచి అడ్డుకట్టగా నిలిపారట. మునిగిన ఓడ కాలువ పక్కన ఉంటే కాపలా, కాలువలో ఉంటే గండం.

జులై, మొదటి వారం

బార్జి తయారైంది. 1.6 మిల్లీమీటర్ల రేకుతో ఒక మీటరు పొడవు, 24 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల ఎత్తు. పైన రెండు హ్యాచులు (సరుకు దించే నోళ్లు), వాటికి విడిగా మూతలు. తూకం వేస్తే ఏడు కిలోలు. ఖాళీగా నీటిలో వదిలితే మూడు సెంటీమీటర్లు కూడా మునగకుండా హాయిగా తేలింది. దాన్ని చేసింది ముంచడానికే కాబట్టి మా వెల్డరుకు కాస్త మనసు బాధపడింది.

లోపల పూర్తిగా నీళ్లు నిండి అడుగున ఉన్నప్పుడు దాని బరువు 6.1 కిలోలు. ఉక్కు సాంద్రత నీటి కన్నా దాదాపు ఎనిమిది రెట్లు, అందుకని నీటిలో ఎనిమిదో వంతు బరువే తగ్గుతుంది. రాయి అలా కాదు, మూడో వంతుకు పైగా తగ్గుతుంది. హైదరాబాదులో ఈ మాట అనగానే అందరికీ గుర్తొచ్చేది ఒకటే. 1990 మార్చి 10న హుస్సేన్ సాగర్‌లో బార్జి మీద తీసుకెళ్తున్న బుద్ధ విగ్రహం నీటిలోకి జారిపోయింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. 58 అడుగుల ఏకశిల, మూడు వందల టన్నులకు పైగా బరువు. రెండేళ్లకు పైగా చెరువు అడుగున ఉన్నాక పైకి తీసి, 1992 డిసెంబర్ 1న జిబ్రాల్టర్ రాక్ మీద నిలబెట్టారు. నేను అప్పుడు బడిపిల్లవాణ్ణి. ఇంట్లో పెద్దలంతా 'క్రేను తెస్తే అయిపోదా' అనుకునేవారు. విగ్రహం నీటిలో ఉన్నంతసేపూ దాదాపు రెండు వందల టన్నులే. నీటి మట్టం దాటి పైకి వచ్చే కొద్దీ మిగతా వంద టన్నులూ తిరిగి వచ్చి తాళ్ల మీద పడతాయి. ఎత్తే పనిలో ప్రమాదం నీటి అడుగున కన్నా నీటి అంచున ఎక్కువ. ఈ సంగతి విద్యార్థులకు త్రాసు ముల్లు మీద కనిపించాలని బార్జితో పాటు ఒక గ్రానైట్ దిమ్మ కూడా పెడుతున్నాం.

జులై, రెండో వారం

బార్జిని ముంచాం. కాలువకు ఏటవాలుగా, అణియం (ముందు కొస) ఒక గట్టు మీద, అమరం (వెనక కొస) కాలువ నడుమ ఉండేలా పడింది. ఒండ్రు కలిసిన నీళ్లు కావడంతో గాజులోంచి ఏమీ కనబడదు. అదే కావాలి.

ఇప్పుడు వెతకాలి. అసలు రేవుల్లో ఈ పనికి సోనార్, అంటే శబ్ద తరంగాలతో అడుగును చూసే పరికరం, ఉంటుంది. పడవ వెనక లాగే సైడ్ స్కాన్ సోనార్ నీడలా బొమ్మ ఇస్తుంది, మల్టీబీమ్ సోనార్ ఒక్క దాటులో వెడల్పాటి నేల లోతులన్నీ కొలుస్తుంది. మా ట్యాంకులో దారానికి సీసపు గుండు కట్టి, అయిదు సెంటీమీటర్లకొకచోట దించి లోతులు రాసుకున్నాం. మావాడు వాటిని కంప్యూటర్‌లో రంగుల పటంగా వేశాడు. బార్జి ఆకారం స్పష్టంగా వచ్చింది.

పటం చూసి బాబాయి గారు తల ఊపారు గానీ, "గుండు పడిన చోట లోతు తెలుస్తుంది నాయనా, గుండుకీ గుండుకీ మధ్య?" అని అడిగారు. అందుకే పాత పద్ధతి కూడా పెట్టాం. రెండు పడవల మధ్య ఒక తీగనో కడ్డీనో కావలసిన లోతులో అడ్డంగా వేలాడదీసి కాలువ పొడవునా లాగుతారు. ఎక్కడా తగలకుండా వెళ్లిపోతే ఆ లోతు వరకు దారి ఖాళీ అని నమ్మవచ్చు. మా కడ్డీ 28 సెంటీమీటర్ల లోతులో నడుస్తుంది.

జులై, చివరి వారం

ఈ మాడల్ అసలు దేని గురించో ఈ వారమే తెలిసింది. ఓడ బరువు గురించి కాదు, బురద పట్టు గురించి.

మట్టి గణపతులు చేసేవారి దగ్గర నుంచి జిగురు బంకమట్టి తెచ్చి కాలువ అడుగున పరిచాం. బార్జిని దాని మీద పెట్టిన వెంటనే చైన్ పుల్లీతో ఎత్తితే ఏడు కిలోల దగ్గర లేచింది. నీటిలో దాని బరువు 6.1 కిలోలు కాబట్టి లెక్క దాదాపు సరిపోయింది. దాన్ని అలాగే వారం రోజులు వదిలేసి మళ్లీ ఎత్తాం. త్రాసు ముల్లు పది దాటింది, ఇరవై దాటింది, బార్జి కదల్లేదు. పై చట్రం వంగుతోందని వెల్డరు అరిచాడు. ఇరవై ఏడు దగ్గర ఒక్కసారిగా విడిపోయి, ట్యాంకులోంచి నీళ్లు బయటికి చిమ్మేలా పైకి దూకింది. ముల్లు ఆరుకు పడిపోయింది.

నాటు వేసే మడిలో మోకాలి దాకా దిగబడిన కాలిని లాగిన వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కాలి కింద ఖాళీ ఏర్పడాలంటే ఆ ఖాళీలోకి నీరో గాలో రావాలి. బంకమట్టి నీటిని అంత తొందరగా రానివ్వదు. ఆ లోపల ఏర్పడే పీడనలేమి కాలిని కిందికి పట్టి ఉంచుతుంది. మునిగిన ఓడల అడుగు చాలావరకు చదును. వందల చదరపు మీటర్ల మీద ఆ పట్టు ఉంటుంది.

"బరువు లెక్క కాగితం మీద తేలుతుంది బాబూ. బురద లెక్క తేలదు. అందుకే క్రేను మీద ఎప్పుడూ భరోసా పెట్టుకోకూడదు," అన్నారు బాబాయి గారు. అంతకంటే ఆయనకు భయం విడిపోయే క్షణం. ఇరవై ఏడు కిలోల లాగుడు ఆరుకు పడిపోయినప్పుడు, మిగిలిన ఇరవై ఒకటీ ఎటో పోవాలి. ఓడ పైకి దూకుతుంది, క్రేను వెనక్కి ఊగుతుంది, తెగిన ఉక్కు తాడు మనిషిని రెండుగా చేస్తుంది. బిగిసిన తాడుకు ఎదురుగా, దాని వరసలో ఎవరూ నిలబడకూడదని మా ట్యాంకు ముందు నేల మీద ఎర్ర గీత గీయించారు. మాది నైలాను తాడే. అయినా గీత ఉండాల్సిందే.

తర్వాత లాగే తీరు మార్చి చూశాం. పన్నెండు కిలోల లాగుడు పెట్టి, చైన్ పుల్లీని అలాగే బిగించి ఇంటికి వెళ్లిపోయాం. తెల్లారి వచ్చేసరికి బార్జి విడిపోయి వేలాడుతోంది. నీరు మట్టిలోంచి నెమ్మదిగా ఊరి కిందికి చేరడానికి రాత్రంతా సమయం దొరికింది. ఇంకోసారి రెండు కొసలూ ఒకేసారి కాకుండా అమరం వైపు మాత్రమే ఎత్తాం. పట్టు కొస నుంచి ఊడుతూ వచ్చి, చాలా తక్కువ బలంతో పని అయింది. మూడో దారి, పొట్ట కిందికి సన్నని గొట్టంతో నీళ్లు కొట్టడం. మూడూ సాల్వేజ్ పనిలో, అంటే మునిగిన ఓడలను తీసే పనిలో, నిజంగా వాడేవే. మూడింటిలోనూ బలం కాదు, కిందికి నీరు వెళ్లే దారి ముఖ్యం.

మాడల్ ఇక్కడ ఒక అబద్ధం కూడా చెబుతుంది, విద్యార్థులకు అది తెలియాలి. 1:50లో బరువు యాభై ఘనం చొప్పున, అంటే 1,25,000 రెట్లు తగ్గుతుంది. బురద అంటుకునే వైశాల్యం యాభై వర్గం చొప్పున, 2,500 రెట్లే తగ్గుతుంది. మట్టి మాత్రం అదే మట్టి. కాబట్టి మా ట్యాంకులో బురద పట్టు బరువుతో పోలిస్తే యాభై రెట్లు అతిగా కనిపిస్తుంది. అందుకని బంకమట్టి తీసేసి, ఎర్తింగ్ గుంతల్లో పోసే బెంటొనైట్ పొడిని పల్చగా కలిపి వాడుతున్నాం. విడిపోవడానికి పన్నెండు, పదమూడు కిలోలు పట్టేలా చిక్కదనం సర్దాం. నీటిలో బరువుకు సుమారు రెట్టింపు. చూపించడానికి అది చాలు.

ఆగస్టు, మొదటి వారం

తాడు కింది నుంచి వేయడం ఎలా? పైన కనబడే కొక్కేలకు, దిమ్మలకు కట్టి లాగితే అవి ఊడి చేతికొస్తాయి. పొట్ట కింద నుంచి తాడు పోవాలి.

స్టాక్‌హోమ్ రేవులో 1628లో మునిగిన వాసా అనే యుద్ధనౌక కథ ఇక్కడ పనికొచ్చింది. 1957 నుంచి స్వీడన్ నౌకాదళ డైవర్లు 32 మీటర్ల లోతులో, నీటి జెట్‌లతో బంకమట్టిని తొలుస్తూ ఓడ కింద ఆరు సొరంగాలు తవ్వారు. వందల టన్నుల పాత కలప నెత్తి మీద, కళ్లకు ఏమీ కనబడని చీకటి. వాటిలోంచి ఉక్కు తాళ్లు పోనిచ్చారు.

మేం ఏసీ మెకానిక్ దగ్గర దొరికే సన్నని రాగి గొట్టం, కార్లు కడిగే చిన్న పంపు వాడాం. గొట్టం కొసను బార్జి కిందికి నెడుతూ నీళ్లు కొడితే బెంటొనైట్ లేచి ట్యాంకంతా పాలలా అయిపోయింది. ఇక చేతి తడుమే దిక్కు. అసలు డైవర్ల పరిస్థితీ అంతే. 1971 యుద్ధం తర్వాత చిట్టగాంగ్ రేవును సోవియట్ నౌకాదళం 1972 నుంచి 1974 దాకా శుభ్రం చేసినప్పుడు, కర్ణఫూలి నది తెచ్చే ఒండ్రు నీటిలో మందుపాతరలు ఏరుతూ, మునిగిన ఓడలు లేపుతూ పనిచేశారు. అరచెయ్యి ముందు పెట్టుకున్నా కనబడని నీళ్లవి.

ముందు చేపలు పట్టే నైలాను దారం, దాని వెనక సైకిలు బ్రేకు తీగ, దాని వెనక రాణీగంజ్‌లో కొన్న మూడు మిల్లీమీటర్ల ఉక్కు తాడు. సన్నది దారి చేస్తే లావుది వెళ్తుంది. రెండు తాళ్లు వేయడానికి సాయంత్రం అయింది. మావాడు చేతులు కడుక్కుంటూ, "తాతగారూ, డైవర్లు దిగలేని చోట ఏం చేస్తారు?" అని అడిగాడు.

దానికి జవాబు మన గోదావరిలోనే ఉంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు, ఆ లోతుకు, ఆ సుడులకు మొదట్లో ఎవరినీ దించే పరిస్థితి లేదు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం పంటు మీద నుంచి లంగర్లు, ఇనుప తాళ్లు వేసి, బోటు ఉందనుకున్న చోటు చుట్టూ ఉచ్చు తిప్పి ఒడ్డు నుంచి లాగింది. తాళ్లు తెగాయి, రాళ్లకు చిక్కాయి. వరద ఎక్కువై మధ్యలో పని ఆపాల్సి వచ్చింది. అక్టోబర్ 22న బోటు ఒడ్డుకు చేరింది. తాడు చివర ఏం తగిలిందో చేతికి తెలియాలంటే ఎన్నేళ్లు నీటి మీద బతికి ఉండాలో నేను ఊహించలేను. ఇది మాడల్‌లో పెట్టడం కుదరదు, గోడ మీద ఒక పటంగా గీయిస్తున్నాం.

ఆగస్టు, రెండో వారం

గాలి సంచులు. ఫుట్‌బాల్ బ్లాడర్లు నాలుగు కట్టి గాలి కొట్టాం, బార్జి లేచింది. సులభం. కానీ అసలు సముద్రంలో ఇందులో ఒక మెలిక ఉంది, అది మా ముప్పై సెంటీమీటర్లలో కనబడదు. పది మీటర్ల లోతులో పీడనం ఉపరితలం కన్నా రెట్టింపు. అక్కడ సగం నింపిన సంచిలోని గాలి పైకి వస్తూ రెట్టింపవుతుంది. లేపే శక్తి లేస్తున్న కొద్దీ పెరిగి, ఓడ అదుపు తప్పి రాకెట్‌లా పైకి వస్తుంది. అందుకే అసలు సంచుల్లో అదనపు గాలి బయటికి పోయే వాల్వులు ఉంటాయి.

మావాడి పట్టుదల మీద థర్మోకోల్ పూసలు కూడా ప్రయత్నించాం. 1964లో కువైట్ రేవులో గొర్రెల మందతో మునిగిన ఓడను కార్ల్ క్రోయెర్ అనే డెన్మార్క్ వాసి ఇలాగే, గొట్టాల ద్వారా లోపలికి పాలీస్టైరీన్ పూసలు పంపి తేల్చాడు. బీన్ బ్యాగు పూసలు ఆరేడు లీటర్లు పోస్తే మా బార్జి కూడా లేచింది. హ్యాచులోంచి తప్పించుకున్నవి ట్యాంకంతా పరచుకున్నాయి. టీ వడపోసే జల్లెడతో ఇప్పటికీ ఏరుతున్నాం. ఏ రేవు అధికారి అయినా ఈ రోజుల్లో ఈ పద్ధతికి సంతకం పెడతాడని నేననుకోను.

ఆగస్టు, నాలుగో వారం

ప్రకాశం బ్యారేజీ దగ్గర చూసిన పని ఇది.

సముద్ర తీరాల్లో పాత కాలం నుంచి ఒక ఉపాయం ఉంది. నీరు తీసిన వేళ, అంటే పాటులో, మునిగిన ఓడకు ఇరువైపులా రెండు బార్జిలు నిలిపి, తాళ్లు బిగబట్టి కట్టేస్తారు. పోటు వస్తుంది, బార్జిలు లేస్తాయి, వాటితో ఓడా లేస్తుంది. అప్పుడు మొత్తాన్ని ఒడ్డు వైపు లాగి, అడుగు నేలకు తగిలే చోట ఆపుతారు. మళ్లీ పాటు, మళ్లీ బిగింపు. బాల్టిక్ సముద్రంలో ఆటుపోట్లు దాదాపు లేవు కాబట్టి వాసా విషయంలో పాంటూన్లలోకి (తొట్టెల్లాంటి తేలే పెట్టెల్లోకి) నీళ్లు నింపి, తాళ్లు బిగించి, తర్వాత నీళ్లు తోడి అదే పని చేయించారు. 1959లో 18 విడతల్లో ఆ ఓడను 32 మీటర్ల లోతు నుంచి 16 మీటర్లకు నడిపించారు. 1961 ఏప్రిల్ 24న అది నీటి పైకి వచ్చింది. మా బాలానగర్ ట్యాంకులోనూ పోటు లేదు. పంపు ఉంది.

పాంటూన్లు రెండు, ఒక్కొక్కటి 60 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 15 ఎత్తు. వాటి మీద రెండు గడ్డర్లు. నీళ్లు నింపి రెండు సెంటీమీటర్ల అంచు మాత్రమే పైన ఉండేలా దించాం. చైన్ బిగించాం. రెండు చిన్న పంపులతో తోడితే, ఎనిమిది సెంటీమీటర్ల నీటి మట్టం తగ్గినప్పుడు రెండూ కలిసి పద్నాలుగు కిలోలకు పైగా లాగగలవు. బురద పట్టుకు పదమూడు.

మొదట పాంటూను పక్కకు ఒరిగిపోయింది. సగం నిండిన తొట్టిలో నీరు ఎటు వాలితే అటు బరువు పోతుంది, అటు బరువు పోతే ఇంకా వాలుతుంది. పెద్ద ఓడలను కూడా బోల్తా కొట్టించేది ఇదే. వెల్డరు లోపల పొడవునా ఒక అడ్డుగోడ పెట్టాడు, ఒరగడం ఆగింది. బార్జిలోకీ అలాంటి గోడలు వేయాలని అప్పుడే నిర్ణయించాం, ఎందుకంటే చివర్లో దాన్ని తోడేటప్పుడు అదే కష్టం ఎదురవుతుంది.

తర్వాత తోడుతూ ఉంటే ఏమీ జరగలేదు. పాంటూన్లు లోతుగానే ఉండిపోయాయి, తాళ్లు బిగుసుకుని సన్నగా మోగాయి. బాబాయి గారు పంపు ఆపమన్నారు. "ఇప్పుడు తొందరపడకూడదు. టీ తాగుదాం." నిజంగానే టీ తాగాం. గ్లాసులు కింద పెట్టేలోపు అమరం వైపు తాడు మెల్లగా సడలి, పాంటూన్లు రెండూ నాలుగైదు సెంటీమీటర్లు పైకి వచ్చి నిలిచాయి. ఎగరలేదు, చిమ్మలేదు. విడిపోయిన వెంటనే పాంటూన్లు పైకి తేలి, మునిగిన భాగం తగ్గి, లాగుడు తనంతట తానే తగ్గిపోతుంది. క్రేనుకు ఈ గుణం లేదు. బ్యారేజీ దగ్గర నాకు అర్థం కానిది ఇదే. రెండు పడవలకు క్రేను కన్నా బలం ఎక్కువేమీ కాదు. లాగుతూ ఎంతసేపైనా ఆగగలవు, విడిపోయాక తామే వదులుతాయి.

గట్టు వైపు లాగాం, నేల తగిలింది, నీళ్లు నింపాం, బిగించాం, తోడాం. విడతకు నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున 16 సెంటీమీటర్ల లోతుకు చేర్చాం. అక్కడ హ్యాచుల చుట్టూ నీటి మట్టం కన్నా ఎత్తైన రేకు పెట్టె నిలబెట్టి, కింద రబ్బరు అతికించి, లోపలి నీళ్లు తోడితే బార్జి తనే తేలింది. ఈ పెట్టెను కాఫర్‌డ్యామ్ అంటారు. వెల్డరు ఫోనులో వీడియో తీసి ఊళ్లో వాళ్లకు పంపాడు.

సెప్టెంబర్, మొదటి వారం

కాలేజీ ప్రొఫెసరు ఒకరు చూడటానికి వచ్చి, మునిగిన ఓడను తీసే ఖర్చు ఎవరిదని అడిగారు. యజమానిదే. 1908 నాటి భారత నౌకాశ్రయాల చట్టం 14వ సెక్షన్ ప్రకారం రేవు కన్సర్వేటర్ (రేవు బాగోగులు చూసే అధికారి) యజమానికి నోటీసు ఇవ్వాల్సి ఉండేది. అతను తీయకపోతే రేవే తీయించి, దొరికింది అమ్మి ఖర్చు రాబట్టుకునే వీలుండేది. ఇప్పుడు దాని స్థానంలో 2025 చట్టం వచ్చింది. అంతర్జాతీయంగా 2007 నైరోబీ ఒప్పందం ఉంది, 2015 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. 300 గ్రాస్ టన్నేజీ (ఓడ లోపలి పరిమాణపు కొలత), ఆపైన ఉండే ఓడలు శిథిలాల తొలగింపుకు బీమా చూపించాలి. యజమాని ఒక దేశం, జెండా ఇంకో దేశం, సరుకు మరొకరిది అయినప్పుడు ఈ బీమా కాగితమే దిక్కు. ప్రొఫెసరు ఇది కూడా ఒక బోర్డు మీద రాయించమన్నారు. రాయిస్తాం, చిన్న అక్షరాల్లో.

కోసి తీసే పద్ధతి గురించి కూడా అడిగారు. అమెరికాలో 2019లో బోల్తాపడిన గోల్డెన్ రే అనే కార్ల ఓడను పెద్ద గొలుసుతో రంపంలా కోసి ఎనిమిది ముక్కలు చేసి, 2021లో ముగించారు. మా దగ్గర అది పెట్టలేం. కోసిన బార్జిని ప్రతి బ్యాచికీ మళ్లీ వెల్డింగ్ చేయడానికి మా వెల్డరు ఒప్పుకోడు.

సెప్టెంబర్, మూడో వారం

బార్జి బయటికి రావడంతో పని అయిపోయిందని మావాడు అనుకున్నాడు. బాబాయి గారు కడ్డీ తెమ్మన్నారు.

28 సెంటీమీటర్ల లోతులో కడ్డీ వేసి కాలువ పొడవునా లాగాం. సగం దూరంలో తగిలింది. చేత్తో తడిమితే హ్యాచు మూత, బెంటొనైట్‌లో నిలువుగా దిగి ఉంది. గుండు కొలతల పటంలో అది లేదు. 2010 ఆగస్టులో ముంబై రేవు బయట రెండు ఓడలు ఢీకొన్నప్పుడు రేవును రోజుల తరబడి మూయించింది ఓడలు కాదు, కాలువలో పడిన కంటైనర్లు. ఎక్కడున్నాయో తేలేదాకా ఏ ఓడనూ పంపే ధైర్యం ఎవరికుంటుంది? బాల్టిమోర్‌లో 2024 మార్చి 26న ఓడ ఢీకొని వంతెన కూలినప్పుడు కూడా చిన్న ఓడలకు పక్క దారులు ముందే తెరిచారు గానీ, 700 అడుగుల వెడల్పు, 50 అడుగుల లోతున్న అసలు కాలువ పూర్తిగా తెరుచుకున్నది జూన్ 10న, అడుగంతా మళ్లీ కొలిచి చూశాకే.

మూత తీసి మళ్లీ లాగితే కడ్డీ ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లింది. బాబాయి గారు పుస్తకంలో లోతు, తేదీ వేసి సంతకం పెట్టారు. ఈ కడ్డీ పరీక్షనే విద్యార్థుల ప్రయోగంలో చివరి మెట్టుగా పెట్టమని కాలేజీకి రాశాను. మార్కులు బార్జి తేలినందుకు కాదు, కడ్డీ తగలకుండా వెళ్లినందుకు వేయాలి.

ఇంకా మిగిలినవి: గ్రానైట్ దిమ్మకు కొక్కెం, పాంటూన్లకు రంగు, ఎర్ర గీతను రంగుతో కాక నేలలో పట్టీగా బిగించడం. ట్యాంకును గ్రౌండ్ ఫ్లోరులోనే పెట్టాలని చెప్పాను, వారు మొదటి అంతస్తు ల్యాబు చూపిస్తున్నారు. రెండు టన్నులకు పైగా బరువును ఆ శ్లాబు మోస్తుందని వారి సివిల్ విభాగం రాసి సంతకం పెడితే లారీ మాట్లాడతాం. అప్పటిదాకా అది మా షెడ్డులోనే.